ఒంటరితనానికి పది

మూనాలో మా అద్దె ఇంట్లో, ఫ్రిజ్ మీద
చెత్తబుట్ట ఎవరి వంతో రాసుకునే కాగితం వెనకవైపు
సానుమాయ తమాంగ్ తన లెక్క వేసుకుంది.

వయసుకు ముప్పై.
ఇంగ్లీషుకు ఇరవై.
అకౌంటింగ్ డిగ్రీకి పదిహేను, దాన్ని సిడ్నీలో చదివినందుకు ఐదు.
సిడ్నీ వదిలి ఈ చలి ఊరికి వచ్చినందుకు ఐదు.
నేపాలీకి ఐదు.
ఒంటరిగా ఉన్నందుకు పది.

రోడెల్ ఆఖరి వరుస దగ్గర ఆగిపోయాడు.
రాత్రి బేకరీ పనికి పోయే ముందు
రోజూ ఆమె జడ చిక్కు తీసేది అతనే.
"నేను లేకపోతే పదా?" అన్నాడు.
"నువ్వుంటే సున్నా" అంది, నవ్వకుండా.
అతని చదువు వాళ్ల లెక్కలోకి రాదు మరి.
హాలుకు అటో గది, ఇటో గది.
పెళ్లి మాట ఎత్తితే
ఉల్లిపాయలు అయిపోయాయని
ఎవరో ఒకరు లేచి వెళ్లిపోయేవాళ్లు.

నేపాలీ పరీక్షకి సాధన మా వంటింట్లోనే.
నేను బ్యాంకు మేనేజర్ని, ఇంకో గది బిష్ణు నోట్లో పన్ను నొప్పి,
మధ్యలో ఆమె దుబాసీ.
పాసయింది. ఐదు వచ్చాయి.
"మరి తమాంగ్‌కి?" అడిగాను.
వాళ్లమ్మ తిట్టిందీ జోకొట్టిందీ ఆ భాషలోనే కదా.
"దానికి పరీక్ష లేదు" అంది.
కాసేపాగి, గిన్నె తోముతూ,
"పరీక్ష లేదంటే ఫెయిలవడం కూడా లేదులే."

మొత్తం తొంభై.
మార్చిలో గీత తొంభై దగ్గరే ఉందన్నారు.
ఆమె కాగితాలన్నీ చేర్చేసరికి తొంభై ఐదుకు జరిగింది.
ఆ తర్వాత గీతే కనపడలేదు.
అకౌంటెంట్లు జాబితాలో ఉన్నారట,
పిలుపు మాత్రం ఈ ఏడాదికి లేదట.
వచ్చే ఏడాది జాబితానే మారుస్తారట.
ఈ "ట"లు తప్ప మాకెవరూ ఏమీ చెప్పలేదు.
ఫీజు కట్టేదాకా ఓడ మల్లయ్యలం,
కట్టాక బోడి మల్లయ్యలం.
ఫోన్లో ఆ ఆఫీసు అమ్మాయిది మంచి గొంతే పాపం,
మూడుసార్లు సారీ చెప్పింది.

బతుకు గడవాలి గదా.
వృద్ధాశ్రమంలో రాత్రి పని.
ఏడో గదిలో హలీనా, తొంభై నాలుగేళ్లు.
యుద్ధం తర్వాత ఓడ దిగిన మనిషి,
మొగుడు కొండల్లో ఆనకట్టలు కట్టాడు.
ఎప్పుడో తెలివిగా ఉన్న రోజు చెప్పిందట:
"మమ్మల్నేం అడగలేదు పిల్లా. అరచేతులు చూపమన్నారు, అంతే."
ఇప్పుడు ఆమెకు ఇంగ్లీషు రాలిపోయింది,
చివర నేర్చుకున్నది ముందు పోతుందేమో.
మిగిలింది పోలిష్ ఒక్కటే,
అది తెలిసినవాళ్లు ఆ అంతస్తులో లేరు.

జూన్ పదిహేడు, అర్ధరాత్రి.
సానుమాయకు ముప్పై మూడు నిండాయి.
ముప్పై కాస్తా ఇరవై ఐదయింది.
ఎవరూ ఏమీ చేయలేదు, గడియారం ముల్లు కదిలింది, అంతే.
అప్పుడే ఏడో గది గంట మోగింది.

తడిసిన దుప్పటి మార్చింది.
హలీనా చెయ్యి వదలలేదు,
గబగబా ఏదో అడిగింది, మళ్లీ అడిగింది.
సానుమాయ తమాంగ్‌లో జవాబిచ్చింది.
మేకల గురించి చెప్పిందట, మంచులో తప్పిపోయిన ఒక బూటు గురించి.
ముసలామె తలూపింది, మధ్యలో వాదించింది కూడా,
ఒకచోట ఇద్దరూ పగలబడి నవ్వారు,
పక్కగది వాళ్లు గోడ కొట్టేదాకా.

పొద్దున బస్సు దిగేసరికి
రోడెల్ పిండి చేతులతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.
కేకు మీద అంకె వేయలేదు.
ఆమె లోపలికి వచ్చి, బూట్లు విప్పకుండానే
ఫ్రిజ్ మీద కాగితం తీసి
ముప్పై కొట్టేసింది.
పది దగ్గర పెన్ను ఆగింది.

కేకు నేనే కోశాను.
బిష్ణు చెత్తబుట్ట వంతు ఎవరిదని అరుస్తున్నాడు.
కాగితం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.